మద్రాసు ఆకాశంలో దొరికిన నల్లని చిన్నగ్రహం

1866 మే 16. మద్రాసు నుంగంబాక్కంలోని వేధశాలలో నార్మన్ పోగ్సన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు టెలిస్కోపు ముందు కూర్చుని ఉన్నాడు. నక్షత్రపటంలో లేని ఒక మసక చుక్క ఆయన కంటబడింది. నక్షత్రమైతే కదలకుండా ఉండాలి. ఇది చుట్టూ ఉన్న నక్షత్రాల మధ్య మెల్లగా జరుగుతున్నది. అంటే అది నక్షత్రం కాదు, సూర్యుని చుట్టూ తిరిగే ఒక చిన్న గ్రహం. అప్పటికి తెలిసిన చిన్నగ్రహాల వరుసలో అది 87వది. దానికి సిల్వియా అని పేరు పెట్టారు.

ఆనాడు దానిని గురించి తెలిసినది కక్ష్య ఒక్కటే. ఎంత పెద్దది, ఎంత బరువు, దేనితో చేసింది అని అడిగితే చెప్పగలవారు ప్రపంచంలో ఎవరూ లేరు. ఈనాడు సిల్వియా బరువు మనకు తెలుసు. దాని లోపల ఏముందో కూడా కొంతవరకు ఊహించగలుగుతున్నాం. ఇంతవరకు ఏ అంతరిక్ష నౌకా దాని దరిదాపులకు పోలేదు. మరి 37 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్న ఒక నల్లని రాతిగుట్టను ఇక్కడి నుంచే ఎలా తూచారు? ఆ కథే ఇది.

సిల్వియా ఇల్లు ఎక్కడ?

అంగారక గ్రహానికీ, గురుగ్రహానికీ మధ్య లక్షలాది చిన్నగ్రహాలు తిరుగుతున్నాయి. వీటినే ఆస్టరాయిడ్లు లేదా గ్రహశకలాలు అంటాం. సూర్యుని నుంచి భూమికి ఉన్న దూరాన్ని, అంటే సుమారు 15 కోట్ల కి.మీ.లను, ఒక ఖగోళ ప్రమాణం అంటారు. ఆస్టరాయిడ్లలో ఎక్కువ భాగం సూర్యుని నుంచి 2.1, 3.3 ఖగోళ ప్రమాణాల మధ్యనే ఉంటాయి. సిల్వియా మాత్రం 3.48 ప్రమాణాల దూరంలో, అంటే 52 కోట్ల కి.మీ. దూరంలో, ఈ గుంపు వెలుపలి అంచున తిరుగుతుంది.

ఈ అంచుకు కారణం గురుగ్రహం. సూర్యుని నుంచి 3.27 ప్రమాణాల దూరంలో తిరిగే వస్తువు, గురుగ్రహం ఒక చుట్టు చుట్టే కాలంలో సరిగ్గా రెండు చుట్లు తిరుగుతుంది. ఉయ్యాలను ప్రతిసారీ ఒకే చోట తోస్తే ఊపు పెరిగినట్లు, గురుగ్రహం ఆకర్షణ ఒకే లయలో పదేపదే తగిలి ఆ వస్తువు కక్ష్యను చెదరగొడుతుంది. అందుకే అక్కడ ఒక ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీకి అవతల మిగిలిన కొద్దిపాటి ఆస్టరాయిడ్లలో సిల్వియా ఒకటి. అది సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి ఆరున్నర సంవత్సరాలు పడుతుంది. అక్కడ పడే సూర్యకాంతి మనకు అందేదానిలో పన్నెండో వంతు మాత్రమే.

ఈ వెలుపలి ప్రాంతంలోని ఆస్టరాయిడ్లు చాలా భాగం నల్లనివి. సిల్వియా మీద 100 పాళ్ళ కాంతి పడితే సుమారు 4 పాళ్ళే తిరిగి వస్తాయి. కొత్తగా వేసిన తారు రోడ్డు కూడా దాదాపు ఇంత నల్లగానే ఉంటుంది. పున్నమినాడు వెన్నముద్దలా కనిపించే చందమామ కూడా నిజానికి 12 పాళ్ళ కాంతినే తిప్పి పంపుతుంది. చుట్టూ చీకటి ఉండబట్టి మనకది తెల్లగా తోస్తుంది. సిల్వియా దానికన్నా మూడు రెట్లు నల్లన.

వెలుగును కొలిచే బద్ద

సిల్వియాను కనిపెట్టిన పోగ్సన్‌కు ఖగోళశాస్త్రంలో మరో శాశ్వతమైన స్థానం ఉంది. ప్రాచీన కాలం నుంచి నక్షత్రాలను కాంతిని బట్టి ఆరు తరగతులుగా విభజించేవారు. బాగా వెలిగేవి మొదటి తరగతి. కంటికి కనీకనిపించనివి ఆరో తరగతి. పోగ్సన్ ఇంగ్లండులో ఉండగా 1856లో దీనికి ఒక కచ్చితమైన లెక్క సూచించాడు. అయిదు తరగతుల తేడా ఉంటే కాంతిలో సరిగ్గా 100 రెట్ల తేడా అన్నాడు. అప్పుడు ఒక్కొక్క తరగతికి తేడా 2.512 రెట్లు అవుతుంది. 2.512ను దానితోనే అయిదుసార్లు గుణించి చూడండి, 100 వస్తుంది. ఖగోళ శాస్త్రజ్ఞులు ఈనాటికీ వాడుతున్నది ఈ కొలబద్దనే.

1861లో ఆయన మద్రాసు వేధశాలకు అధిపతిగా వచ్చాడు. వచ్చిన కొద్దినాళ్ళకే, ఏప్రిల్ 17న, ఒక ఆస్టరాయిడును కనిపెట్టాడు. ఆసియా ఖండం నుంచి కనుగొన్న మొదటి ఆస్టరాయిడ్ అదే. అందుకే దానికి ఆసియా అనే పేరు పెట్టారు. తరువాత ఇక్కడి నుంచే సాఫో, సిల్వియా, కెమిల్లా, వేరా దొరికాయి. 1891లో చనిపోయేవరకు ఆయన మద్రాసులోనే పనిచేశాడు. ఆ వేధశాలలో ఆయనకు ప్రధాన సహాయకుడు చింతామణి రఘునాథాచారి. 1867లో కాంతి మారే ఒక నక్షత్రాన్ని కనిపెట్టిన శాస్త్రజ్ఞుడాయన. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి పోగ్సన్ మచిలీపట్నం వెళితే, రఘునాథాచారి మరొక బృందంతో వనపర్తి వెళ్ళాడు.

ఆ రోజుల్లో ఆస్టరాయిడును పట్టుకోవడమంటే ఓర్పుతో కూడిన పని. ఆకాశంలో ఒక భాగాన్ని ఎంచుకుని, అందులోని ప్రతి చుక్కనూ పటంతో పోల్చుకోవాలి. కొత్త చుక్క ఉంటే గుర్తు పెట్టుకుని మళ్ళీ చూడాలి. అది జరిగిందా లేదా తేల్చుకోవాలి. ఫోటోల సహాయంతో ఆస్టరాయిడ్లను కనిపెట్టే పద్ధతి 1891 చివరలో జర్మనీలో మాక్స్ వోల్ఫ్ చేతుల మీదుగా మొదలైంది. పోగ్సన్ అప్పటికి లేడు. ఆయన కనిపెట్టినవన్నీ కంటితో చూసి పట్టుకున్నవే. సిల్వియా భూమికి దగ్గరగా వచ్చినప్పుడు కూడా దాని కాంతి 11, 12 తరగతుల మధ్య ఉంటుంది. మామూలు కంటికి కనిపించే అతి మసక నక్షత్రం కన్నా ఇది 100 నుంచి 250 రెట్లు మసక.

నలుపు చేసే మోసం

చీకట్లో దూరంగా ఒక దీపం కనబడితే అది దగ్గర ఉన్న బుడ్డిదీపమో, దూరాన ఉన్న పెద్దదీపమో చెప్పలేం. ఆస్టరాయిడ్ల విషయంలో దూరం తెలుసు కాబట్టి ఆ చిక్కు లేదు. కానీ మరో చిక్కు ఉంది. ఒక చిన్న తెల్లని బంతీ, ఒక పెద్ద నల్లని బంతీ ఒకే మోతాదు కాంతిని తిప్పి పంపవచ్చు. టెలిస్కోపులో రెండూ ఒకేలా కనబడతాయి.

ఉదాహరణకు వెస్టా అనే ఆస్టరాయిడ్ తన మీద పడిన కాంతిలో 40 పాళ్ళకు పైగా తిప్పి పంపుతుంది. సిల్వియా కూడా అంత తెల్లనిదే అనుకుని లెక్క కట్టామనుకోండి. అది నిజానికి పది రెట్లు నల్లన కాబట్టి, దాని ఉపరితల వైశాల్యాన్ని పదో వంతుగా లెక్కిస్తాం. వైశాల్యం పదో వంతయితే వ్యాసం సుమారు మూడో వంతవుతుంది. 270 కి.మీ. వస్తువును 85 కి.మీ. వస్తువు అనుకుంటాం. ఘనపరిమాణంలోనైతే తప్పు ముప్ఫై రెట్లు దాటుతుంది!

ఈ మోసాన్ని బయటపెట్టినది వేడి. మిట్టమధ్యాహ్నం నల్లబండ మీద కాలు పెడితే చుర్రుమంటుంది. పక్కనే సున్నం వేసిన డాబా అంతగా కాలదు. తెలుపు కాంతిని తిప్పి పంపుతుంది, నలుపు దానిని మింగి వేడెక్కుతుంది. వేడెక్కిన వస్తువు కంటికి కనబడని పరారుణ కిరణాలను వెదజల్లుతుంది. కాబట్టి ఆస్టరాయిడ్ నుంచి వచ్చే మామూలు కాంతినీ, పరారుణ కిరణాలనూ రెంటినీ కొలిస్తే చాలు. తిప్పి పంపిన భాగం ఒకటి, మింగిన భాగం మరొకటి. రెండు సమీకరణాలు, రెండు అజ్ఞాత రాశులు. ఎంత నల్లనో, ఎంత పెద్దదో రెండూ తేలిపోతాయి.

అయితే భూమి వాతావరణంలోని నీటి ఆవిరి పరారుణ కిరణాలలో చాలా భాగాన్ని అడ్డగిస్తుంది. 1983లో ఐరాస్ అనే ఉపగ్రహం వాతావరణం పైనుంచి ఆకాశాన్ని పరిశీలించి, సిల్వియాతో సహా వందలాది ఆస్టరాయిడ్ల పరిమాణాలకు ఆధారం సంపాదించింది. సిల్వియా సగటు వ్యాసం సుమారు 270 కి.మీ. అని ఇప్పుడు తెలుసు. ఆకారం మాత్రం గుండ్రంగా లేదు, ఒక పెద్ద బంగాళాదుంపలా ఉంటుంది. పొడవు 360 కి.మీ. పైన, మందం 190 కి.మీ. దాపున. ఇంత పెద్ద దుంప తన చుట్టూ తాను తిరగడానికి పట్టేది 5 గంటల 11 నిమిషాలే.

ఇద్దరు కవలలు దొరికారు

పరిమాణం తెలిసింది. బరువు తెలిసేదెలా? సంతలో సరుకును తక్కెడలో వేసి తూస్తారు. ఆకాశంలోని వస్తువుకు తక్కెడ దాని చుట్టూ తిరిగే ఉపగ్రహమే. వస్తువు ఎంత బరువైతే దాని ఆకర్షణ అంత ఎక్కువ, ఉపగ్రహం అంత వేగంగా తిరగాలి.

సిల్వియాకు ఉపగ్రహం ఉన్నా చూడడం తేలిక కాదు. మన నుంచి చూస్తే సిల్వియా వెడల్పు కోణంలో 0.15 సెకండ్లు. అంటే రెండున్నర సెంటీమీటర్ల నాణేన్ని 34 కి.మీ. దూరంలో పెట్టి చూసినట్లు. భూమి వాతావరణంలో గాలి పొరలు ఎప్పుడూ కదులుతూ ఉంటాయి. నక్షత్రాలు మిణుకుమిణుకుమనేది అందుకే. ఆ కదలిక వల్ల ఎంత పెద్ద టెలిస్కోపులోనైనా బొమ్మ ఒక సెకను దాకా అలుక్కుపోతుంది. సిల్వియా, దాని పక్కనున్న చుక్కా అన్నీ ఒకే మసకముద్ద అయిపోతాయి.

ఈ ఇబ్బందిని దాటడానికి 1990ల నుంచి ఒక కొత్త ఉపాయం వాడుకలోకి వచ్చింది. వచ్చిన కాంతి ఏ మేరకు వంకర తిరిగిందో ఒక పరికరం కొలుస్తుంది. కంప్యూటర్ వెంటనే ఒక పలుచని అద్దాన్ని దానికి వ్యతిరేక దిశలో వంచుతుంది. ఇది సెకనుకు వందలసార్లు జరుగుతుంది. గాలి వేసిన వంకరను అద్దం వేసిన వంకర కొట్టివేస్తుంది.

2001 ఫిబ్రవరిలో మైకేల్ బ్రౌన్, జాన్-లుక్ మార్గో హవాయి దీవిలోని 10 మీటర్ల కెక్-2 టెలిస్కోపుతో ఇలా చూసినప్పుడు సిల్వియా పక్కన ఒక ఉపగ్రహం కనబడింది. 2004లో చిలీ దేశంలోని 8.2 మీటర్ల టెలిస్కోపుతో ఫ్రాంక్ మార్షిస్, ఆయన సహచరులు తీసిన చిత్రాలలో మరింత దగ్గరగా తిరిగే రెండో ఉపగ్రహం బయటపడింది. ఈ సంగతిని 2005 ఆగస్టులో ప్రకటించారు. రెండు ఉపగ్రహాలున్న ఆస్టరాయిడ్ ప్రపంచానికి తెలియడం అదే మొదటిసారి.

రోమన్ల పురాణగాథలో రియా సిల్వియాకు ఇద్దరు కవలలు, రోములస్, రెమస్. రోమ్ నగరాన్ని స్థాపించినది రోములస్ అని ఐతిహ్యం. పోగ్సన్ కాలం నాటి పేరుకు 139 ఏళ్ళ తరువాత ఇద్దరు కొడుకులు సరిగ్గా అమరారు! బయటి ఉపగ్రహానికి రోములస్ అనీ, లోపలి దానికి రెమస్ అనీ పేర్లు పెట్టారు. రోములస్ 1360 కి.మీ. దూరంలో 3.65 రోజులకు ఒకసారి, రెమస్ సుమారు 706 కి.మీ. దూరంలో 1.38 రోజులకు ఒకసారి సిల్వియాను చుట్టివస్తాయి.

మీరే తూచి చూడండి

ఈ తూకం ప్లస్ టూ చదివేవారు కాగితం మీద వేయదగినదే. ముందు కెప్లర్ మూడో నియమాన్ని పరీక్షిద్దాం. రెండు ఉపగ్రహాల దూరాల నిష్పత్తిని ఘనం చేస్తే, వాటి భ్రమణకాలాల నిష్పత్తి వర్గానికి సమానం కావాలి. 1360ని 706తో భాగించి ఘనం చేస్తే 7.1 వస్తుంది. 3.65ను 1.38తో భాగించి వర్గం చేస్తే 7.0 వస్తుంది. దాదాపు సమానం. సూర్యుని చుట్టూ గ్రహాలు పాటించే నియమాన్నే ఈ రాతిముక్కలూ పాటిస్తున్నాయి.

ఇక బరువు. రోములస్ దూరం 13,60,000 మీటర్లు. దాని ఘనం సుమారు 2.5 × 10¹⁸. దీనిని పై వర్గానికి నాలుగు రెట్లతో, అంటే 39.5తో, గుణిస్తే 9.9 × 10¹⁹. దీనిని పక్కన పెట్టండి. 3.65 రోజులంటే 3,15,360 సెకన్లు. దాని వర్గం 9.95 × 10¹⁰. దీనిని గురుత్వ స్థిరాంకం 6.67 × 10⁻¹¹తో గుణిస్తే 6.6. మొదటి సంఖ్యను దీనితో భాగించండి. సుమారు 1.5 × 10¹⁹ కిలోగ్రాములు వస్తుంది. ఇదే సిల్వియా ద్రవ్యరాశి. భూమి ద్రవ్యరాశిలో ఇది నాలుగు లక్షలవ వంతు.

270 కి.మీ. వ్యాసమున్న గోళం ఘనపరిమాణం సుమారు 1.03 × 10¹⁶ ఘనమీటర్లు. భాగిస్తే ఘనమీటరుకు 1450 కిలోగ్రాముల దాకా వస్తుంది. ఆకారాన్ని ఇంకా జాగ్రత్తగా లెక్కలోకి తీసుకుని శాస్త్రజ్ఞులు కట్టిన విలువ 1380 దగ్గర ఉంది. నీటి సాంద్రత 1000. మన గ్రానైటు రాతిది సుమారు 2700.

అసలు విశేషం ఇక్కడే ఉంది. సిల్వియా అంతా గట్టి రాయి అయితే ఇంత తేలికగా ఉండడానికి వీలులేదు. లోపల మంచు అయినా ఉండాలి, ఖాళీలైనా ఉండాలి, రెండూ అయినా ఉండాలి. కంకరను కుప్పపోస్తే రాళ్ళ మధ్య సందులు మిగులుతాయి కదా! పూర్వం ఒక పెద్ద ఢీకొట్టుకోవడంలో సిల్వియా దెబ్బతిన్నదనీ, రోములస్, రెమస్ ఆ దెబ్బకు లేచిన శకలాల నుంచే ఏర్పడ్డాయనీ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. సిల్వియా కక్ష్యను పోలిన కక్ష్యలలో తిరిగే చిన్న ఆస్టరాయిడ్ల కుటుంబం ఒకటి ఉండడం దీనికి బలమిస్తున్నది.

నీడ చెప్పిన సాక్ష్యం

2013 జనవరి 6న సిల్వియా ఒక నక్షత్రానికి అడ్డుగా వచ్చింది. దీనిని చూడడానికి ఐరోపాలో దాదాపు 50 చోట్ల పరిశీలకులు సిద్ధమయ్యారు. వారిలో చాలామంది ఔత్సాహికులు. ఇటువంటి సమయంలో ఆస్టరాయిడ్ నీడ భూమి మీదుగా పరుగెత్తుతుంది. ఒక్కొక్క చోట నక్షత్రం ఎన్ని సెకన్లు మాయమైందో కొలిచి, దానిని నీడ వేగంతో గుణిస్తే, ఆస్టరాయిడ్ మీద అక్కడి అడ్డుకొలత వస్తుంది. ఇటువంటి అనేక కొలతలను పక్కపక్కన పేరిస్తే ఆకారం గీయవచ్చు. ఆ రోజు కొందరికి రోములస్ కూడా నక్షత్రానికి అడ్డువచ్చింది. ఆ చిన్న ఉపగ్రహం అడ్డుకొలత 20 కి.మీ.లకు కొంచెం ఎక్కువనీ, అది కూడా సాగిన ఆకారంలోనే ఉందనీ తెలిసింది.

ఇక చివరి ప్రశ్న. లోపల ఏముంది? దీనికి కూడా రోములసే సాక్ష్యం చెప్పింది. గుండ్రంగా లేని వస్తువు చుట్టూ తిరిగే ఉపగ్రహం కక్ష్య స్థిరంగా ఉండదు, మెల్లగా తిరుగుతూ పోతుంది. ఎంత మేరకు తిరుగుతుందన్నది పై ఆకారం మీదనే కాక, లోపల బరువు ఎలా పంచి ఉందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఏళ్ళతరబడి సేకరించిన కొలతలను కలిపి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెన్వా కారీ, ఆయన సహచరులు 2021లో ఒక పరిశోధన ప్రచురించారు. సిల్వియా లోపల అంతా ఒకేరకం పదార్థం ఉంటే కక్ష్య మీద ఎంత ప్రభావం ఉండాలో, అంత లేదు. కాబట్టి బరువు మధ్యభాగంలో ఎక్కువగా కూడి ఉందనీ, నడుమ సాంద్రమైన గర్భమూ, దాని చుట్టూ గుల్లగా ఉన్న తేలికపాటి పొరా ఉన్నాయనీ వారి నిర్ణయం.

దీనికి వారిచ్చే వివరణ ఇది. సౌరకుటుంబం పుట్టిన కొత్తలో ఈ వస్తువులలో రేడియోధార్మిక పదార్థాలు ఉండేవి. వాటి వేడికి నడుమనున్న మంచు కరిగి, అక్కడి పదార్థం దగ్గరపడి గట్టిపడింది. వెలుపలి పొర చలికి అలాగే గుల్లగా ఉండిపోయింది. ఉపరితలం నుంచి వచ్చే పరారుణ కాంతి తీరు తోకచుక్కల నుంచి రాలినదని భావించే ధూళిని పోలి ఉంది. అంటే ఇటువంటి నల్లని ఆస్టరాయిడ్లు ఇప్పుడున్న చోట కాక, గురుగ్రహానికి ఎంతో అవతల, తోకచుక్కల పుట్టింటి దగ్గర పుట్టి ఉండవచ్చు. పెద్దగ్రహాలు తమ స్థానాలు మారిన కాలంలో అవి లోపలికి నెట్టబడి ఉండవచ్చు.

ఇది మనకు సంబంధం లేని విషయం కాదు. భూమి మీది సముద్రాలకు నీరూ, జీవానికి కావలసిన కర్బన పదార్థాలూ ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్నకు జవాబు వెతికే చోటు ఈ నల్లని వస్తువులే. 2020లో ర్యుగు నుంచి, 2023లో బెన్ను నుంచి తెచ్చిన నల్లమట్టిలో నీటి ప్రభావంతో ఏర్పడిన ఖనిజాలూ, ఎమైనో ఆమ్లాలూ దొరికాయి. అయితే ఆ రెండూ భూమికి దగ్గరగా వచ్చే చిన్నముక్కలు. సిల్వియా వంటి వెలుపలి వస్తువుల మట్టిని ఇంకా ఎవరూ తాకలేదు. 2021లో బయలుదేరిన లూసీ నౌక 2027 నుంచి గురుగ్రహం కక్ష్యలోని నల్లని ఆస్టరాయిడ్లను దగ్గరగా చూడవలసి ఉంది.

మరో చిత్రం చెప్పి ముగిద్దాం. 1868 నవంబరులో పోగ్సన్ మద్రాసు నుంచే కనిపెట్టిన కెమిల్లా కూడా సిల్వియా ఉండే వెలుపలి ప్రాంతంలోనే తిరుగుతుంది. అదీ నల్లనిదే, అదీ నీటికన్నా కొంచెమే సాంద్రమైనది. దానికి 2001లో ఒకటి, 2016లో మరొకటి ఉపగ్రహాలు బయటపడ్డాయి. అక్కడ టెలిస్కోపు వెనుక కూర్చున్న ఒకే మనిషి పటం మీద పెట్టిన రెండు చుక్కలు, నూరేళ్ళు దాటాక రెండు చిన్న కుటుంబాలుగా తేలాయి.

మద్రాసు వేధశాల పని 1899లో కొడైకెనాల్‌కు మారింది. నుంగంబాక్కంలో ఒకనాడు టెలిస్కోపును మోసిన నల్లరాతి స్తంభం వాతావరణ కేంద్రం ఆవరణలో ఈనాటికీ నిలిచి ఉంది. దాని మీద చెక్కిన భాషలలో తెలుగు ఒకటి. చెన్నై వెళ్ళినప్పుడు వీలైతే చూసి రండి.